నెత్తళ్ల నడుమ హాకీ

శనివారం ఉదయం ఏడు గంటలకు ప్రధానోపాధ్యాయుడు చంద్రమౌళిగారు వేసుకున్న పథకంలో మూడే అంశాలున్నాయి. తొమ్మిదింటికి గూడూరు నుంచి ఒక ప్రైవేటు పాఠశాల బాలికల హాకీ జట్టు వస్తుంది. ఆలోపల మైదానంలో ఎండుతున్న చేపలు మాయం కావాలి. పన్నెండింటికి అందరూ భోంచేయాలి. వీటిలో ఆయన అనుకున్నట్టే చివరిదాకా నిలిచింది భోజనం ఒక్కటే.

కోట మండలంలో సముద్రం ఒడ్డునున్న ఆ ఉన్నత పాఠశాలకు మైదానం ఒకటే. ఊరికి చేపలు ఎండబెట్టుకునే చదును నేల కూడా అదే. మూడేళ్ల కిందట వ్యాయామ ఉపాధ్యాయిని ఎలిశబెతు బాలికలకు హాకీ నేర్పబోయినప్పుడు, చేపలెండబెట్టే ఆడవాళ్లకు పెద్దదిక్కయిన కామమ్మ ఒక ఒప్పందం చేసింది. పాత వలలు పరిచి నెత్తళ్లనే చిన్న చేపల్ని ఆరబోస్తారు. వలకూ వలకూ నడుమ మూడడుగుల దారి వదులుతారు. పిల్లలు ఆ దారుల్లో ఆడుకోవచ్చు. పిల్లలు పరుగెత్తుతుంటే కాకి దిగదు కనుక, ఇందులో కామమ్మ ఔదార్యం ఏమీ లేదు. బంతి చేపల మీదికి పోతే మాత్రం, కొట్టిన పిల్ల సాయంత్రం దాకా కూర్చుని ఆ వల మీది నెత్తళ్లన్నీ ఇసుక దులిపి తిప్పి వేయాలి. నెత్తలి చిటికెన వేలంత ఉంటుంది. ఒక్కో వల మీద వేలకొద్దీ ఉంటాయి. ఆ శిక్షకు జడిసి ఆ పిల్లలు బంతిని కర్రకు అంటిపెట్టుకుని పరుగెత్తడం నేర్చుకున్నారు. అంతటి క్రమశిక్షణను ఏ పాఠ్యప్రణాళికా అంతవరకు సాధించలేదు.

జట్టు చేతిలో ఉన్న పద్నాలుగు స్టిక్కులు జిల్లా క్రీడాశాఖ ఏడాది అరువు మీద ఇచ్చినవి. గూడూరు మీద గెలిస్తే నెల్లూరులో జరిగే జిల్లా పోటీలకు పోతారు, స్టిక్కులు బడిలోనే ఉంటాయి. ఓడితే సోమవారం వెనక్కి పంపాలి. జట్టు నాయకురాలు మహాలక్ష్మి, కామమ్మ మనవరాలు, తన స్టిక్కు పిడికి కొత్తగా వలతాడు చుట్టుకుంది. తిరిగి ఇచ్చేయబోయే వస్తువుకు ఎవరూ అంత శ్రద్ధగా చుట్టరు.

"కామమ్మా, ఈ కంపు గూడూరు వాళ్ల ముక్కుకు తగలకూడదు. తీసెయ్యండి," అన్నారు చంద్రమౌళిగారు.

"తీసి యాడ పెట్టేది సారూ, నీ నెత్తినా?"

"బడి మిద్దె మీద ఎండబెట్టుకోండి."

"మిద్దె మీద కాకులుండాయే."

"కాకుల సంగతి నేను మాట్లాడతాలే."

ఈ కంపు వారానికి మూడు రోజులు పులుసు రూపంలో తన భోజనం డబ్బాలోకి వస్తుందన్న సంగతిని ఆయన ఆ సందర్భంలో ప్రస్తావించలేదు. ఆడవాళ్లు గంపలెత్తుకుని మిద్దె ఎక్కారు.

వలలు లేచాకగాని తెలియలేదు, ఇన్నాళ్లూ దుమ్మును అణచిపెట్టింది అవేనని. సముద్రపు గాలికి మైదానం కళ్ల ముందే లేచి తరగతి గదుల్లోకి నడిచింది. చంద్రమౌళిగారు రొయ్యల చెరువుల యజమాని ముత్యాలయ్యకు ఫోన్ చేసి అర్జెంటుగా ట్యాంకరు నీళ్లు అడిగారు.

"ఏం నీళ్లు సార్?"

"నీళ్లంటే నీళ్లేనయ్యా, దాంట్లో రకాలుంటాయా?"

ముత్యాలయ్యకు దగ్గరగా ఉన్న నీళ్లు చెరువులోవే. ట్యాంకరు వచ్చి మైదానమంతా తడిపి వెళ్లింది. దుమ్ము అణిగింది. తడినేల మీద రొయ్యపిల్లలు ఎగిరెగిరి పడసాగాయి. పది నిమిషాల్లో చుట్టుపక్కల కొంగలూ కాకులూ అన్నీ పాఠశాలకు హాజరయ్యాయి. అంతటి హాజరు ఆ ఏడాది రిజిస్టరులో లేదు.

గూడూరు జట్టు అరగంట ఆలస్యంగా బస్సు దిగింది. వాళ్ల శిక్షకుడు ఫ్రెడ్డీ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అంపైర్ కిషోర్ బాబు ఒక కొంగను పక్కకు తోలి ఆట మొదలుపెట్టాడు.

మొదటి సగం గురించి క్లుప్తంగా చెప్పడమే మర్యాద. గూడూరు పిల్లలు ఖాళీ నేల మీద సూటిగా పరుగెత్తి రెండు గోల్స్ వేశారు. మన పిల్లలు మాత్రం అదే ఖాళీ నేల మీద నాలుగడుగులు పోయి కుడికి, మరో నాలుగడుగులు పోయి ఎడమకు మళ్లుతూ ఉండిపోయారు.

"లేని చేపల్ని ఎందుకే తప్పిచ్చుకుంటా ఉండావు?" అని మైదానం బయటి నుంచి అరిచింది ఎలిశబెతు.

"లేవని కాళ్లకు తెలీలేదు మేడం," అంది మహాలక్ష్మి.

తప్పు పక్షులదని చంద్రమౌళిగారు నిర్ణయించారు. విరామానికి నిమిషం ముందు లక్ష్మీబాంబుల సరం వెలిగించారు. పక్షులన్నీ ఒక్కసారిగా లేచి, గాలిలో ఒక చుట్టు చుట్టి, బడి మిద్దె మీద వాలాయి.

మిద్దె మీద నుంచి కామమ్మ గొంతు వినిపించింది. "కాకులతో మాట్లాడినావా సారూ? ఏమన్నాయి?"

ఆడవాళ్లు గంపలతో దిగి వచ్చారు. నేల అప్పటికే ఎండకు ఆరిపోయింది. విరామం ముగిసేలోపు ఏ వల ఎక్కడుండేదో అక్కడే పరిచారు, నెత్తళ్లు ఆరబోశారు, మూడడుగుల దారులు వదిలారు.

"ఇదేందమ్మా, ఆట జరగతా ఉంటే?" అన్నాడు కిషోర్ బాబు.

"ఆడుకోమనే కదా చెప్తా ఉండాను. పిలకాయలు పరిగెత్తితేనే కాకి దిగదు."

"గ్రౌండు ఆటకు పనికిరాకపోతే మ్యాచ్ గూడూరుకే ఇచ్చేస్తాను."

మహాలక్ష్మి పిడికి చుట్టిన వలతాడు వైపు చూసుకుంది. చంద్రమౌళిగారు గోడ వైపు చూశారు. ఆదుకున్నవాడు ఫ్రెడ్డీ.

"ఊరకే గెలిచామంటే మాకు బాగుండదు సార్. రెండు గోల్స్ ముందుండాం. ఇద్దరికీ ఇదే గ్రౌండు, ఆడిద్దాం," అన్నాడు.

కిషోర్ బాబు ఆలోచించి ఒక నియమం ప్రకటించాడు: బంతి చేపల మీదికి పోతే ఎదుటి జట్టుకు ఫ్రీ హిట్. మన పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. మూడేళ్లుగా వాళ్లు బతుకుతున్న నియమం కన్నా ఇది చాలా దయగలది.

రెండో సగంలో గూడూరు జట్టు పదిహేడుసార్లు బంతిని నెత్తళ్ల మీదికి కొట్టింది. మన జట్టు ఒక్కసారి కూడా కొట్టలేదు. ఈ అంకెలు అంపైరు పుస్తకంలో ఉన్నాయి, అనుమానమున్నవారు చూసుకోవచ్చు. ఆ ఫ్రీ హిట్లతోనే మన పిల్లలు రెండు గోల్స్ వేసి సమం చేశారు. ఆట ముగియడానికి రెండు నిమిషాలు ఉందనగా మహాలక్ష్మి తమ గోలు దగ్గర బంతి అందుకుంది. తల వంచుకుని, కళ్లు మూసినా పోగలిగిన ఆ దారుల వెంట ఏడు వలలు దాటింది. ఆమెను అడ్డుకోవడానికి అడ్డంగా వచ్చినవాళ్లకు అడుగు పెట్టే చోటు లేదు. బంతి గోల్‌కీపరు కాళ్ల మధ్య నుంచి లోపలికి వెళ్లింది. మూడు, రెండు.

కామమ్మ చప్పట్లు కొట్టలేదు. పక్కనున్న ఆమెతో, "మూడేండ్లు తిప్పిచ్చినా దీని చేత నెత్తళ్లు. ఊరకే పోలా," అంది. తరువాత కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ రోజు ఉక్క అంతగా లేదు.

ఆమె ధర్మం అందరికీ ఒకటే కనుక, గూడూరు పిల్లలు పన్నెండు దాకా కూర్చుని పదిహేడుసార్ల నెత్తళ్లనూ ఇసుక దులిపి తిప్పి వేశారు. మహాలక్ష్మి పక్కన కూర్చుని ఎలా తిప్పాలో చూపింది. ఫ్రెడ్డీ జేబురుమాలు జేబులో పెట్టేసుకుని రెండు వలలు తనే తిప్పాడు. పన్నెండింటికి అందరూ నెత్తళ్ల పులుసుతో భోంచేశారు. ఫ్రెడ్డీ రెండోసారి వడ్డించుకున్నాడు.

"నెల్లూర్లో గ్రౌండు బోడిగా ఉంటాదంటనే?" అంది కామమ్మ విస్తరి ఎత్తుతూ.

"అక్కడ ముందు రోజే ప్రాక్టీసు ఇస్తారంట అవ్వా. బోడినేల కూడా అలవాటు చేసుకుంటాం," అంది మహాలక్ష్మి.

చంద్రమౌళిగారికి ఇక ఏ అంశాన్నీ అదృష్టానికి వదిలే ఉద్దేశం లేదు. జిల్లా పోటీలకు పంపిన జాబితాలో, క్రీడా సామగ్రి అన్న శీర్షిక కింద, స్వహస్తాలతో ఇలా రాశారు: స్టిక్కులు పద్నాలుగు, బంతులు ఆరు, నెత్తళ్లు నాలుగు గంపలు.