పదిహేడో పేజీ అడుగున ఎవరి పేరు?

మా జిల్లాలో ఈ ఏడాది జరిగిన అభివృద్ధి మొత్తం ముప్ఫై రెండు పేజీలు. ప్రతి పేజీ అడుగునా “అకీము ఓస్కోన్‌బాయ్ మమీరోవిచ్ గారి ప్రత్యక్ష పర్యవేక్షణలో” అని ఉండాలని జిల్లా అధిపతి, అంటే స్వయానా ఆ అకీముగారే, ఎంతో వినయంగా ఆదేశించారు. టైపిస్టు కాలిచా క్షణంలో ఫుటరు పెట్టేసింది. ఆఫీసు ముద్ర నా దగ్గర ఉంటుంది కనక ఈ మహత్కార్యంలో నాకూ భాగముంది.

పదిహేడో పేజీ దగ్గర వచ్చింది చిక్కు. ఉచ్-కాష్కా ఊరికి మంచినీళ్ళ గొట్టం వేశాం, నీళ్ళు మాత్రం రాలేదు అని అక్కడ ఉన్నదున్నట్టు రాసి ఉంది. ఇలాంటి పొరపాటు మా ఆఫీసులో ఎలా జరిగిందో ఇప్పటికీ తెలీదు.

“ఏమ్మా, నీళ్ళు రాకపోవడం కూడా నా పర్యవేక్షణలోనేనా?” అన్నారు అకీముగారు.

కాలిచా అక్కడ పేరు చెరిపింది. ముప్ఫై రెండు పేజీల్లోనూ పేరు మాయమైపోయింది. అకీముగారికి చెమటలు పట్టాయి.

“కుట్ర! ఎవరో నన్ను దించేస్తున్నారు!”

“కుట్ర కాదండీ,” అంది కాలిచా, “పేజీలన్నీ ఒకే గొలుసు. పదిహేడుకి ముందూ వెనకా తెంపి, రెండు చోట్లా ‘ముందుదానిలాగే’ అన్న గుర్తు తీసేస్తే సరి. కావలసిన చోటే మీ పేరుంటుంది.”

“అంటే, బాధ్యత ఇంత సులువుగా తెగిపోతుందా!” ఆయన కళ్ళు చెమర్చాయి. ఇంత గొప్ప పరిపాలనా సంస్కరణ ఇన్నాళ్ళూ కంప్యూటర్లో మూలపడి ఉన్నందుకు మేమంతా సిగ్గుపడ్డాం. వెంటనే సిబ్బందికి మూడు రోజుల శిక్షణ ఏర్పాటైంది, నూనెలో వేయించిన బోర్సోకు రొట్టెలూ టీతో సహా.

పదిహేడో పేజీ అడుగు బోసిగా ఉండిపోయింది. మా దగ్గర ఓ పాత ఆచారం ఉంది. కాగితం మీద సంతకం పెద్దలది. ఆఖరి పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, దాన్ని తయారుచేసినవాళ్ళ పేరూ ఫోను నంబరూ ఉంటాయి. ఆచారాన్ని గౌరవిస్తూ పదిహేడో పేజీకి కాలిచా పేరూ నంబరూ వేయించారు. నేను ముద్ర కొట్టాను. చక్కగా పడింది.

రిపోర్టు ఊరూరా గోడలకెక్కింది. మర్నాడే ఉచ్-కాష్కా నుంచి జీపార్ అవ్వ ఫోను.

“ఏమే, మా నీళ్ళు ఆపింది నువ్వా? ఈ వయసులో వాగు నుంచి బకెట్లు మోస్తున్నానే తల్లీ!”

“నేను టైపు మాత్రమే చేశానవ్వా!”

“అదేదో నీళ్ళొచ్చాయని టైపు చేసి చావకపోయావా?”

రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన విచారణ సంఘం, బాధ్యురాలెవరో పేజీ అడుగునే చూసుకుని, పది రోజుల్లో నీళ్ళు రాకపోతే కాలిచా ఉద్యోగం ఊడుతుందని రాసిపోయింది. ఇంత చురుకైన దర్యాప్తు మేమెన్నడూ ఎరగం. ఇద్దరు పిల్లల తల్లి, పాపం, బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ జాలేసింది. టీ తాగితే పోయింది.

మర్నాడు కాలిచా కొండ మీది నీళ్ళ ట్యాంకు దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. గొట్టం భేషుగ్గా ఉంది. వాల్వు చక్రానికి మాత్రం ప్రారంభోత్సవం ఎర్ర రిబ్బను చుట్టి ఉంది. అకీముగారికి తీరిక దొరక్క ఎనిమిది నెలలుగా అది అలాగే ఉంది. రిబ్బను తెగకుండా వాల్వు తిప్పే మొనగాడు మా జిల్లాలో ఎవడు? కాలిచా సంచిలోంచి ఆఫీసు కత్తెర తీసి కచక్కున కోసి, చక్రం తిప్పేసింది. సాయంత్రానికి జీపార్ అవ్వ వాకిట్లో నీళ్ళు!

“పదిహేడో పేజీని మళ్ళీ గొలుసులో కలిపెయ్యమ్మా,” అన్నారు అకీముగారు ప్రసన్నంగా. కలిపింది. “ఇప్పుడు ముప్ఫై మూడో పేజీ ఒకటి కొట్టు. అనుమతి లేకుండా ప్రభుత్వ రిబ్బను కత్తిరించినందుకు ఉద్యోగం నుంచి తొలగింపు. అడుగున నీ పేరే వెయ్యి.”

అదీ తనే కొట్టింది, ఒక్క తప్పు లేకుండా. కాగితం నా ముందు పెట్టి, “అన్నా, నీకన్నీ తెలుసు కదా, ఒక్క మాట చెప్పవూ?” అంది.

నేను ముద్ర కొట్టాను. ఇదీ చక్కగానే పడింది. నీళ్ళొచ్చాక ఉచ్-కాష్కా నుంచి ఆమెకు ఒక్క ఫోనూ రాలేదు.

ఇంతా చెప్పిన ఈ పెద్దమనిషి ఎవరా అని మీరు పేజీ అడుగున వెతుకుతున్నారు కాబోలు. దొరకదు. ఆ మూడు రోజుల శిక్షణకు నేనూ వెళ్ళాను.