నిలబడితే కూసే ట్రాక్టర్

దుంగలు లాగే ట్రాక్టర్లకు కూతడబ్బా బిగించిన మహానుభావుడికి అర్జెంటుగా విగ్రహం పెట్టాలి! అదీ కదిలే విగ్రహం. ఒకచోట నిలబడి ఉండటం ఆయనకు గిట్టదు.

డబ్బా చేసే పని చాలా చిన్నది: ట్రిప్పులు లెక్కపెట్టడం, ఆగితే కూయడం. అడవిలో దుంగకు గొలుసు తగిలించి డిపోకు ఈడ్చుకొచ్చే ట్రాక్టర్ దారిలో కాస్త ఆగిందా, సీటు కింద కుయ్యోమంటుంది. ఆఫీసు తెర మీద ఎర్రచుక్క వెలుగుతుంది. ప్రొడక్టివిటీ ఆఫీసర్‌కు గుండెదడ మొదలవుతుంది.

ఆగితే నష్టం డీజిల్‌కే అనుకుంటున్నారా? కాదు, మనసుకి! ఆగిన మనిషి ఆలోచిస్తాడు. ముందు పొద్దున భార్యతో పడ్డ తగువు గుర్తొస్తుంది, తర్వాత తన వయసు, ఆ తర్వాత అసలు నేనెవరిని అన్న ప్రశ్న. డబ్బా పక్కన కూస్తుంటే ఇన్ని జబ్బులు దరికొస్తాయా?

ఫలితం చూడండి. డబ్బా లెక్కపెట్టేది ట్రిప్పులనే గానీ దుంగల్ని కాదని డ్రైవర్లు ఇట్టే పసిగట్టారు. మునుపు కట్టగట్టి లాగిన దుంగల్ని ఇప్పుడు ఒక్కొక్కటిగా ఊరేగిస్తున్నారు. ఒకాయనైతే పొయ్యిలోకి కూడా చాలని కొమ్మకు గొలుసేసి తెచ్చాడు. డిపో బోసిపోయింది, తెర మాత్రం పచ్చగా కళకళలాడుతోంది. ప్రగతి అంటే ఇంకేమిటండీ!

దీనికి అడ్డుపడ్డవాడు ఒక్కడే. నడివయసు డ్రైవర్. దుంగల మధ్య బురదలోకి దూరి కొక్కెం తగిలించేది అతని బావమరిది. వాడు పూర్తిగా పక్కకు తప్పుకునేదాకా బండి కదపకపోవడం ఈ డ్రైవర్‌కున్న దురలవాటు. అద్దంలో చూస్తూ కూర్చుంటాడు. డబ్బా గగ్గోలు పెడుతుంది.

"బావా, డబ్బా ఏడుస్తోంది, బండి పోనీ!"

"ఏడవనీ. ముందు నీ కాలు బయటికి తియ్."

"తీస్తున్నాగా! బూటు ఇరుక్కుంది."

"బూటొదిలేసి రారా! నీకేమన్నా అయితే మీ అక్క నన్ను గొలుసుకి కట్టి ఈడుస్తుంది."

"ఈడిస్తే అదీ ఒక ట్రిప్పే కదా బావా!"

విన్నారా? నిండు పనివేళల్లో హాస్యం!

ఆఫీసర్ అతన్ని పిలిపించాడు.

"ఎందుకు ఆగుతున్నావయ్యా?"

"వెనక మనిషుంటాడు సార్."

"మా తెర మీద మనిషెవరూ కనిపించట్లేదే!"

"అందులో కనిపించడు సార్. అద్దంలో కనిపిస్తాడు."

ఆఫీసర్ మేధావి. రోగం ఎక్కడుందో ఆ ఒక్క ముక్కతో పట్టేశాడు. మర్నాడే ట్రాక్టర్ అద్దం ఊడపీకించాడు. వెనక్కి చూడటమే కదా సమస్త ఆలస్యాలకూ మూలం! ఆఫీసులో ఆయన పక్క కుర్చీలో కూర్చునే నేనైతే లేచి చప్పట్లు కొట్టాను.

ఏం లాభం? ఇప్పుడా డ్రైవర్ సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుంటున్నాడు, మునుపటికంటే ఎక్కువసేపు. కూసీ కూసీ డబ్బా గొంతు బొంగురుపోయింది. అద్దం కంపెనీది గనక ఊడపీకగలిగారు. మెడ అతను ఇంటి నుంచి తెచ్చుకున్నది. దాన్నేం చేయాలో తోచక ఆఫీసరూ నేనూ తలలు పట్టుకుని కూర్చున్నాం.