మెడ బాగుచేయించుకుని మునిగినవాడి మాట

తలనొప్పి ఉన్నవాడు అదృష్టవంతుడు. మైగ్రేన్ ఉన్నవాడు మహా అదృష్టవంతుడు! దాన్ని నయం చేయించుకున్నవాడు మాత్రం, నడుస్తున్న కొట్టుకు తన చేత్తో తానే తాళం వేసుకున్నవాడు.

నవ్వకండి. నేను వ్యాపారిని. లాభనష్టాలు చూసుకోకుండా తుమ్ము కూడా తుమ్మను.

నాది పరదాల కొట్టు. ఇళ్ళకూ హోటళ్ళకూ కొలతలు తీసి, కుట్టించి, వేలాడదీసే పని. ఒక రకంగా చీకటి అమ్ముకుని బతుకుతున్నాను. మైగ్రేన్ వచ్చినవాడికి కావలసింది కూడా చీకటే కదా! సొంత సరుకు ఇలా సొంతానికి అక్కరకొచ్చే యోగం ఎంతమందికి పడుతుంది చెప్పండి? మా పడగ్గది కిటికీకి రెండు పొరల పరదా వేశాను. లాగితే మిట్టమధ్యాహ్నం కూడా ఎవరి చెయ్యి వాళ్ళకు కనపడదు.

ఆ గదిలో పడుకుని నేను సంపాదించినది ఇంతా అంతా కాదు.

మా అన్నయ్య కొట్టులో వాటా సంగతి తేల్చుకుందామని ఊపిరి బిగించుకుని వచ్చాడు. నేను నుదురు పట్టుకున్నాను. "పడుకోరా, పడుకో" అని గొంతు తగ్గించి, మునివేళ్ళ మీద నడిచి వెళ్ళిపోయాడు! మా తోడల్లుడు రిటైరయ్యాక వయొలిన్ మొదలుపెట్టాడు. చుట్టాలందరూ విన్నారు, నేను తప్ప. అపార్ట్‌మెంట్ వాళ్ళు నన్ను ప్రెసిడెంట్‌ని చేయబోయి, "పాపం, తలనొప్పి మనిషి" అని మూడో అంతస్తు ఆయన్ని బలిచ్చారు. జ్వరమైతే థర్మామీటర్ పెడతారు. కాలు విరిగితే ఎక్స్‌రే తీస్తారు. తలనొప్పి అంతస్తు వేరు. నోటిమాటే దానికి సర్టిఫికెట్!

మీతో దాపరికం దేనికి? అసలు సరుకు తక్కువే. అప్పుడప్పుడు ఒక నిజమైనది వచ్చేది. కన్ను వెనక మేకు దిగ్గొట్టినట్టుండేది, వెలుతురు చూస్తే కడుపులో తిప్పేది. పగవాడికి కూడా వద్దు. కానీ ఆ ఒక్కదాన్ని షోకేసులో పెట్టి, దాని పేరు మీద డూప్లికేట్లు ఎన్ని చెలామణి చేసుకున్నానో!

ఇంత సాఫీగా సాగుతున్న వ్యాపారం మా బావమరిది కంట్లో పడింది.

వాడు డెలివరీ వ్యాన్ నడుపుతాడు. ఒకరోజు కొట్టుకు వచ్చి, మెడ అటూ ఇటూ తిప్పి చూపించాడు, కొత్త బండి స్టీరింగ్ చూపించినట్టు.

"బావా, మెడలో అన్నిటికంటే పై ఎముక పక్కకు జరిగితే తలనొప్పి పుడుతుందట. ఒకాయన వేలితో నొక్కి సరిచేస్తున్నాడు. నాది పోయింది."

నీది పోతే పోయింది, నాది కూడా పోవాలా? అని అడిగేవాణ్ణే. పక్కన మా ఆవిడ ఉంది.

"రేపే తీసుకెళ్ళరా. నేనూ వస్తాను" అంది.

మెడ డాక్టరు గదిలో ఎత్తు తక్కువ బల్ల, దాని మీద పరిచిన కాగితం, మూలన వేలాడుతున్న ప్లాస్టిక్ వెన్నెముక. ఆయన నా ఎక్స్‌రేని లైటు ముందు పెట్టి దాని మీద గీతలు గీశాడు. నా తల ఒక పక్కకు ఒరిగి ఉంది. ఎవరిదో రహస్యం వింటున్నట్టు!

"పై ఎముక రవ్వంత ఒరిగిందంటే, తల నిలబెట్టడానికి కింది కండరాలన్నీ లాక్కుంటూ ఉంటాయండీ" అన్నాడు.

ఇది నాకు ఒకరు చెప్పాలా? రాడ్ ఒక పక్కకు వంగితే పరదా కింది అంచంతా వంకర. కస్టమర్ కింది అంచు చూసి కుట్టిన మనిషిని తిడతాడు. తప్పేమో పైన ఉంటుంది.

"ఏం చేస్తుంటారు?"

"పరదాల వ్యాపారం."

"అంటే రోజంతా తల పైకెత్తి కిటికీలు చూస్తుంటారు. మరి మీరమ్మా?"

"ఆయన కొలత తెస్తే కుట్టేది నేనేనండీ" అంది మా ఆవిడ.

"అంటే మీరు రోజంతా తల కిందికి. నొప్పి ఉంటుందా?"

ఆవిడ నా వైపు ఒకసారి చూసి, "ముందు ఆయన సంగతి చూడండి" అంది.

కటుక్కుమని మెడ విరుస్తాడేమోనని నేను కళ్ళు మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరికీ అర్జీ పెట్టుకున్నాను. ఆయన చెవి వెనక బొటనవేలితో నొక్కాడు. ఇంట్లో ఎవరూ లేరేమోనని అనుమానపడుతూ కాలింగ్ బెల్ నొక్కినట్టు. అంతే!

"అయిపోయిందా? సౌండ్ రాలేదే?"

"సౌండ్ అక్కర్లేదండీ. మీరింకా కొన్నిసార్లు రావాలి. మందుల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళడం మాత్రం మానకండి. ఇది అందరికీ పనిచేస్తుందని నేను చెప్పను. ఇకనుంచి కిటికీ కొలిచేటప్పుడు నిచ్చెన ఎక్కండి, మెడ ఎత్తకండి."

తన సరుకు మీద తానే అనుమానం చెప్పేవాడు వ్యాపారానికి పనికొస్తాడా? ఇతని వల్ల నా తలనొప్పికి వచ్చిన ముప్పేమీ లేదని ధైర్యంగా ఇంటికొచ్చాను.

మునిగాను!

ఆయన నొక్కుడు పనిచేసిందో, నిచ్చెన పనిచేసిందో, లేక దానంతట అదే విసిగిపోయిందో తెలియదు. నిజమైన తలనొప్పి రావడం తగ్గి తగ్గి ఆగిపోయింది. అసలు సరుకు మార్కెట్లో లేకపోతే డూప్లికేట్ ఎవడు కొంటాడు? అన్నయ్య మళ్ళీ వచ్చాడు, ఈసారి వదినను కూడా తీసుకుని. తోడల్లుడు వయొలిన్ పెట్టెతో దిగాడు. నేనిప్పుడు అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్‌ని. ఎవరి బాత్రూం నీళ్ళు ఎవరి సీలింగ్‌లోంచి కారినా ఫోన్ నాకే!

ఇవన్నీ భరించాను. అసలు దెబ్బ ఇంటి మనిషి దగ్గర తగిలింది.

ఒక మధ్యాహ్నం గిరాకీ లేని వేళ, కొట్టు వెనక గదిలో మా ఆవిడ కుట్టుమిషన్ ఆపి అడిగింది. "తల ఎలా ఉంది?"

"బ్రహ్మాండం!" అనేశాను. బేరంలో ముందు నోరు జారినవాడు మునుగుతాడని పదిమందికి చెప్పేవాణ్ణి, చూశారా!

"అయితే కూర్చోండి. కుట్టడానికి ఇంకో మనిషిని పెట్టండి. నావల్ల కావడం లేదు."

చెప్పకుండానే నా చెయ్యి నుదుటి మీదికి వెళ్ళింది.

"చెయ్యి దించండి. ఆ ఎముక సరిచేసినప్పుడు నేను అక్కడే ఉన్నాను."

దించాను.

"ఏమైంది నీకు?"

"తలనొప్పి. ఎడమ కన్ను వెనకాల. మిషన్ మీది బల్బు చూస్తే కడుపులో తిప్పుతుంది."

"ఎన్నాళ్ళబట్టి?"

"కొట్టు పెట్టినప్పట్నుంచి."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెబుదామనే వచ్చేదాన్ని. నేను నోరు తెరిచేసరికి మీకు వచ్చేది."

ఆవిడ గొంతులో కోపం లేదు. గుడ్డ ఎంత మిగిలిందో చెప్పినట్టు చెప్పింది. అదే నాకు నచ్చలేదు. కోపంగా అంటే నేనూ ఒక మాట అని గట్టెక్కేవాణ్ణి.

మర్నాడు ఆవిడను మెడ డాక్టరు దగ్గరికి, ఆ తర్వాత మందుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. తగ్గడానికి టైం పడుతుందన్నారు ఇద్దరూ. ఇప్పుడు రెండు పొరల పరదా వెనక పడుకునేది ఆవిడ. మనిషి దొరికేదాకా మిషన్ ముందు కూర్చునేది నేను.

నిన్న హోటల్ మేనేజర్ వచ్చాడు, ఎప్పట్నుంచో మా దగ్గరే కుట్టించుకునే మనిషి. నన్ను చూడగానే మొహమంతా జాలి చేసుకుని, "మీ తలనొప్పి ఎలా ఉందండీ? జాగ్రత్త సుమా!" అన్నాడు.

నా పళ్ళ మధ్య గుండుసూదులు. తల ఊపాను.

"అమ్మగారు లేరేం?"

సూదులు తీసి చెప్పాను. "తలనొప్పి. పడుకుంది. మీ పరదాలు నాలుగు రోజులు ఆలస్యమవుతాయి."

మేనేజర్ నవ్వాడు. "ఆడవాళ్ళకు పని తప్పించుకోవడానికి ఇదొకటి దొరుకుతుంది లెండి!"

ఆ మాటకు జవాబు చెప్పే అర్హత ఈ బజారులో నాకున్నంత ఎవరికీ లేదు. చెప్పాను. ఆయనకు నచ్చలేదు. కుట్టమని ఇచ్చిన గుడ్డ వెనక్కి తీసుకుని, చంకలో పెట్టుకుని ఎదురు కొట్టుకు వెళ్ళిపోయాడు.

నేను ఏళ్ళ తరబడి పడుకున్నా ఒక్క కస్టమర్ పోలేదు. ఆవిడ నడుం వాల్చిన వారంలోపే ఒకడు పోయాడు. అదే నొప్పి. అదే గది. అదే పరదా! ఇంతకాలం వ్యాపారం చేసినవాణ్ణి, ఈ తేడా ఎక్కడ పడిందో తేల్చలేక కూర్చున్నాను.

మీకెవరికైనా తెలిస్తే కొట్టుకు వచ్చి చెప్పండి. కూర్చుని చివరిదాకా వింటాను. నాకిప్పుడు సాకు లేదు.