ఏం తాతా, ఇంకా బతికే ఉన్నావా?

ఆ శుక్రవారం ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లి ఒక బటన్ రంగు మార్చాలి. మధ్యాహ్నం సెలవు పెట్టి, భార్యతో కలిసి అత్తగారింటికి భోజనానికి వెళ్లాలి. ఆ భోజనం నెలల తరబడి వాయిదా పడుతూ వస్తోంది. వాయిదా పడ్డ ప్రతిసారీ కారణం వెబ్‌సైట్లు నడిపే కోడ్ భాష జావాస్క్రిప్టే.

"ఈసారి కూడా ఏదో కోడ్ లైబ్రరీ అప్‌డేట్ అయిందని ఫోన్ చేశావో, నేనొక్కదాన్నే వెళ్తాను. తిరిగి రావడం మాత్రం నా ఇష్టం" అంది భార్య చెప్పులు వేసుకుంటూ.

"ఒక్క బటన్ రంగే కదా! చిటికెలో పని" అన్నాడు సెమికోలన్.

అతని అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. జావాస్క్రిప్ట్‌లో ప్రతి వాక్యం చివరా సెమికోలన్ పెట్టి తీరాలా, పెట్టకపోయినా ఫర్వాలేదా అన్న గొడవలో అతనికీ పక్క సీటువాడికీ మాటలు లేకుండా పోయాయి. అప్పటినుంచీ ఆ పేరే ఖాయమైంది.

సెమికోలన్ మామగారు హెడ్‌మాస్టరుగా రిటైరైన తెలుగు పండితుడు. అల్లుడి ఉద్యోగం మీద ఆయనకు బొత్తిగా గురి లేదు. "రాసిందే మళ్లీ రాయడం, ఆ తర్వాత ఎందుకు రాశానా అని తల పట్టుకోవడం. అదీ మావాడి పని" అని నలుగురిలో చెప్పేవారు. చిక్కేమిటంటే, అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

సెమికోలన్ పనిచేసేది పెన్షన్లు చెల్లించే కంపెనీలో. మామగారి పెన్షన్ కూడా అక్కడినుంచే వస్తుంది. పెన్షన్ తీసుకునే ప్రతివారూ ఏడాదికోసారి వెబ్‌సైట్‌లోకి వచ్చి "నేను జీవించే ఉన్నాను" అన్న బటన్ నొక్కాలి. దాని పైన "గౌరవనీయులైన ఖాతాదారులకు సవినయంగా విన్నవించునది" అంటూ ఓ పొడుగాటి నోటీసు ఉండేది. దాన్ని చివరిదాకా చదివిన పుణ్యాత్ముడు లేడు. గడువు ముంచుకొస్తున్నా సగం మంది బటన్ జోలికే పోలేదు. అది నీలంగా ఉండడం వల్లే జనం నొక్కడం లేదని మేనేజర్ కనిపెట్టాడు. ఆకుపచ్చ చేయమన్నాడు.

సెమికోలన్ బటన్‌ని ఆకుపచ్చ చేశాడు. దాంతో మెనూ మాయమైంది. మెనూని వెనక్కి తెస్తే తేదీలు తలకిందులయ్యాయి. జావాస్క్రిప్ట్‌కి ఏ పని చెప్పినా చేయనని అనదు. చేశానని చెప్పి ఇంకోటి చేసిపెడుతుంది. దానికంటే మొహం మీదే కాదనేవాడు నయం. అన్నీ ఓ కొలిక్కి వచ్చేసరికి వెబ్‌సైట్‌ని నడిపే సర్వర్ మూగబోయింది.

ఆ సర్వర్ చాలా పాతది. పలకరిస్తే ఎప్పుడో గానీ పలకదు. అందుకే ఆఫీసులో అందరూ దాన్ని తాత అనేవారు. అది పలికితే తెర మీద కనిపించేలా సెమికోలన్ విసుగ్గా ఓ వాక్యం రాశాడు: "ఏం తాతా, ఇంకా బతికే ఉన్నావా?" కాసేపటికి ఆ వాక్యం తెర మీద ప్రత్యక్షమైంది. తాత ఉన్నాడు. సెమికోలన్ ఊపిరి పీల్చుకున్నాడు. ఇంతలో ఫోన్ మోగింది.

"కింద ఆటోలో ఉన్నా. వస్తున్నావా, వెళ్లిపోమంటావా?"

"వచ్చేశా, వచ్చేశా!" అంటూ మార్పులన్నీ వెబ్‌సైట్‌లోకి ఎక్కించి మెట్ల మీద పరుగెత్తాడు. ఆ వాక్యం తీసేయడం మరిచిపోయాడు.

అత్తగారింటి తలుపు తెరుచుకునే ఉంది. అత్తగారు ఎదురొచ్చి కూతురి రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి.

"నెమ్మదిగా, తల్లీ, నెమ్మదిగా! గడప చూసుకో. ఆటోలో ఎందుకొచ్చారు, కుదుపులు కదా!"

"ఏమైందమ్మా నీకు?" అంది కూతురు.

మామగారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. చేతిలో ఫోన్ ఉంది.

"అల్లుడుగారూ, మీ కంపెనీ పేజీలో శుభవార్త చెప్పే పద్ధతి ఇదా? తాతా అన్నారు, సంతోషం. కానీ ఇంకా బతికే ఉన్నావా అనడమేమిటి? అడిగితే అడిగారు, ఆ ఏకవచనమేమిటి? ఉన్నారా అనడానికి నోరు రాలేదా?"

ఆయన చాచిన ఫోన్‌లోకి సెమికోలన్ వంగి చూశాడు. ఆకుపచ్చ బటన్ నెత్తిన, ఇంతలేసి అక్షరాలతో తన వాక్యమే కూర్చుని ఉంది.

"మావయ్యా, ఇది మిమ్మల్ని అన్నది కాదు! పెన్షన్ తీసుకునే అందరికీ..."

"అందరికీ చెప్పేశారా?" అంది అత్తగారు మురిసిపోతూ. "నేను మాత్రం మనవాళ్ల వాట్సాప్ గ్రూపులోనే పెట్టాను."

"ఏం పెట్టావ్?" అంది కూతురు గట్టిగా. తల్లి ఆమె చెవిలో చెప్పింది. కూతురు మొహం కందగడ్డలా అయింది. "అమ్మా! అలాంటిదేం లేదు!"

"మొదట్లో నేనూ అలాగే అన్నాను" అంది తల్లి ఆప్యాయంగా.

సెమికోలన్ కంచాలు పక్కకు జరిపి లాప్‌టాప్ తెరిచాడు. వాక్యం తీసేసి, కొత్త పేజీ ఎక్కించి చూశాడు. మాయమైంది. మామగారు తన ఫోన్‌లో చూశారు. అక్కడ చెక్కుచెదరలేదు. ఫోన్లు ఒకసారి తెచ్చుకున్న పేజీని దాచుకుని, మళ్లీ మళ్లీ అదే చూపిస్తుంటాయి.

"నా దగ్గర బాగానే ఉంది మావయ్యా" అన్నాడు సెమికోలన్ నీరసంగా.

"నీ దగ్గర బాగుంటే నాకేమిట్రా! పరీక్షలో తప్పు రాసి, ఇంటి దగ్గర సరిగ్గానే రాశానండీ అనే వెధవల్ని ఎంతమందిని చూళ్లేదు!"

కోపంలో ఆయనే ఏకవచనంలోకి దిగిపోయారు.

"ఇది ఇంకెవరికీ పంపలేదు కదా?" అన్నాడు సెమికోలన్.

"ఎందుకు పంపనూ?" అన్నారు మామగారు. "రిటైరైన మాస్టర్ల గ్రూపులో పెట్టాను. మీకూ ఇలాగే వచ్చిందా, చూసుకోండి అన్నాను. వాళ్లు రిటైరైన బ్యాంకువాళ్లకి పంపారు, వాళ్లు పోస్టాఫీసువాళ్లకి. ఒకావిడ, నన్ను తాతా అంటాడా అని మండిపడుతోంది."

అంతలో మేనేజర్ ఫోన్ చేశాడు. కంగారులో సెమికోలన్ వేలు స్పీకర్ మీద పడింది.

"తాత పోయాడు!" అని గావుకేక వినిపించింది.

అత్తగారి చేతిలో గరిటె జారిపడింది. "అయ్యో! ఎవరి తాత?"

"తాత అంటే మనిషి కాదత్తయ్యా. మా సర్వర్."

"హోటల్లో సర్వరా? పాపం, ఎంత వయసేమిటి?"

సెమికోలన్ నోరు తెరిచేలోగా మామగారు ఫోన్ లాక్కున్నారు. సంబోధన అంటే ఏమిటి, మర్యాదార్థంలో బహువచనం ఎప్పుడు వాడాలి, వాడనివాడిని బెంచీ ఎందుకు ఎక్కించాలి అన్న వాటి మీద మేనేజర్‌కి ఓ పాఠం మొత్తం చెప్పారు. అవతలనుంచి "అవునండీ", "తప్పేనండీ" తప్ప ఇంకేమీ వినిపించలేదు. చివరికి ఫోన్ పెట్టేశారు.

"నా ఉద్యోగం పోయింది" అన్నాడు సెమికోలన్.

అతని కంచంలో కూర చల్లారిపోయింది. ఇంత సేపూ కోపంగా ఉన్న భార్య మెల్లగా అతని పక్కన కూర్చుంది. "పోతే పోయిందిలే. ముందు తిను" అంది. ఆ మాటకి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

రెండో ముద్ద నోట్లో పెట్టుకోగానే మళ్లీ ఫోన్. ఎంగిలి చేత్తో స్పీకరే నొక్కాడు. ఈసారి మేనేజర్ గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది.

"ఏం చేశావయ్యా నువ్వు! తాత ఎందుకు పోయాడో తెలుసా? ఏడాదంతా ఉలకనివాళ్లు, పలకనివాళ్లు అందరూ ఒక్కసారే వచ్చి ఆ బటన్ నొక్కారు. నొక్కడం కూడా కాదు, పొడిచారు! నన్నే బతికున్నావా అంటావురా అని ఒకాయన అదేపనిగా నొక్కుతూనే ఉన్నాడు. మన సవినయం చేయలేనిది నీ పొగరు చేసింది. డైరెక్టర్‌గారు ఉబ్బితబ్బిబ్బవుతున్నారు."

"అంటే... నన్ను తీసేయడం లేదా?"

"తీసేయడమా! ఇకనుంచి ఖాతాదారులకు పంపే మాటలన్నీ నువ్వే రాయాలి. కాకపోతే ఇందాక మాట్లాడిన పెద్దాయన ఉన్నారే, ఆయన్ని వదలొద్దన్నారు డైరెక్టర్‌గారు. సోమవారం నుంచి నువ్వు రాసేది ఆయన చూసి సరే అన్నాకే బయటికి వెళ్లాలి."

మామగారు ఆ మాట విని గొంతు సవరించుకున్నారు. అల్లుడి వైపు ఆయన అంత ప్రేమగా చూడడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. లోపలికి వెళ్లి, సొరుగులో ఎక్కడో అడుగున పడి ఉన్న ఎర్ర సిరా పెన్ను వెతికి తెచ్చుకున్నారు.

సోమవారం పొద్దున్నే సెమికోలన్ రాసి పంపిన మొదటి సందేశం, టీ తాగి వచ్చేలోపే అడుగున ఓ మాటతో తిరిగొచ్చింది: "దోషములు మెండు. తిరిగి వ్రాసి, భార్యచేత సంతకము చేయించుకుని రావలెను."