ఏదీ, ఒకసారి దగ్గండి

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు, తొంభై రోజుల్లో ఆరోగ్య అసమానతలను రూపుమాపుతామని మంత్రిగారు మాదాపూర్‌లోని ఒక హోటల్లో ప్రకటించారు. పన్నెండున్నరకు భోజనాలు పెట్టారు.

ముందు ఎక్కడ ఏ జబ్బుందో, ఎవరికి ఏం అవసరమో తేలాలని, ఆ పని సురేంద్రగారికి అప్పగిస్తున్నామని కూడా మంత్రిగారు చెప్పారు. సురేంద్రగారు డాక్టరు కాదు. పద్దెనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీలో కూర్చుని విదేశీ బ్యాంకుల కంప్లయింట్లు పరిష్కరించారు. ఆయన చేతిలో పడ్డ కంప్లయింటు ఏదీ క్లోజ్ కాకుండా మిగల్లేదని మంత్రిగారు అన్నప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఆశా కార్యకర్త రజిత కూడా కొట్టింది. సురేంద్రగారికి బస్తీలు చూపించే డ్యూటీ ఆమెకు వేశారు.

పద్ధతి సులువు. ఒక్కో జబ్బుకు యాప్‌లో ఒక టికెట్, అంటే ఒక కంప్లయింటు. టికెట్లు ఎక్కువున్న చోటు మ్యాపులో ఎర్రగా, లేని చోటు పచ్చగా కనిపిస్తుంది. ఎక్స్‌రే వ్యాను ఎర్రగా ఉన్న చోటికి వెళ్తుంది. అంతకుముందు ఆ వ్యాను మంగళవారం మంగళవారం తెల్లాపూర్ అవతల ఉన్న నీలిగుట్ట బస్తీకి వచ్చేది.

నీలిగుట్టలో రాజయ్య గ్రానైటు కోసే పని చేస్తాడు. ఎండాకాలం నుంచి దగ్గు. ఈసారి వ్యాను వచ్చినప్పుడు ఎక్స్‌రే తీయిస్తానని రజిత మాటిచ్చింది. అందుకే సురేంద్రగారిని మొదట ఆ ఇంటికే తీసుకెళ్లింది.

"ప్రాబ్లం ఏంటి?"

"దగ్గు సార్."

"ఇప్పుడు దగ్గడం లేదే."

"పొద్దుగాల వస్తది సార్. రాత్రి పండనియ్యది."

"ఏదీ, ఒకసారి దగ్గండి."

రాజయ్య తన భార్య లచ్చమ్మ వైపు చూశాడు. తర్వాత దగ్గాడు.

"ఇది మీరు కావాలని దగ్గింది."

"మీరే దగ్గుమన్నరు గద సార్."

లచ్చమ్మ తలుపు దగ్గర నుంచి కసిరింది. "జర సక్కగ దగ్గవయ్యా! రాత్రంత రేకులు ఎగిరేటట్టు దగ్గుతవు, సార్ ముంగట సిగ్గువడతవేంది?"

సురేంద్రగారు ఇంకో రెండు అవకాశాలిచ్చారు. ఆయనకు ఓపిక ఉందని రజిత అప్పుడే గమనించింది. మూడోసారి కూడా దగ్గు తనంతట తాను రాకపోవడంతో ఆయన ట్యాబ్‌లో 'ఇష్యూ నాట్ రీప్రొడ్యూసిబుల్' అని కొట్టి టికెట్ క్లోజ్ చేశారు.

"గదేంది సార్?" రజిత అడిగింది.

"మన ముందు కనపడని సమస్య లేనట్టే లెక్కమ్మా. బ్యాంకుల్లో కూడా అంతే."

మిగిలిన టికెట్లకు కాల్ సెంటర్ నుంచి ఫోన్లు వెళ్లాయి. జబ్బు ఇంకా ఉందా అని అడగాలి. రెండుసార్లు చేసినా ఎత్తకపోతే తగ్గిపోయిందని అర్థం. ఫోన్లు ఉదయం పది నుంచి పన్నెండు మధ్య వెళ్లాయి. ఆ వేళకు నీలిగుట్ట వాళ్లు పనిలో ఉంటారు, వాళ్ల ఫోన్లు సెక్యూరిటీ దగ్గర డబ్బాలో ఉంటాయి. వారం తిరిగేసరికి బస్తీ పచ్చబడింది. ఇంత తక్కువ టైంలో ఇంతమందికి నయం చేసిన అధికారి ఇంకొకరు లేరని శాఖలో చెప్పుకున్నారు.

మ్యాపులో మేఘవీణ హైట్స్ ఎర్రబడింది. అది నీలిగుట్ట పక్కనే, గోడకు అవతల ఉన్న గేటెడ్ కమ్యూనిటీ. అక్కడివాళ్లకు మెడ నొప్పి, నిద్ర పట్టకపోవడం, జుట్టు రాలడం. మొదటి రింగుకే ఫోన్ ఎత్తుతారు. తగ్గిందా అంటే తగ్గలేదంటారు. ఆ మంగళవారం వ్యాను గోడకు అవతలి వైపు ఆగింది.

"బండేది బిడ్డా?" లచ్చమ్మ రజితను అడిగింది.

"మేఘవీణకు పోయిందత్తా."

"నేను అంట్లు తోమే మేఘవీణకా?"

"గదే."

"ఇగ ఫికరెందుకే! మీ మామ గూడ ఈ నెలంత ఆడనే బండలు కోస్తున్నడు."

యాప్‌లో 'మీరు పగలు ఎక్కువసేపు ఉండే చోటు' అని ఒక గడి ఉంది. సురేంద్రగారే పెట్టించారు. రజిత కొత్త టికెట్ పెట్టింది, ఆ గడిలో రాజయ్యకు సి బ్లాకు, 1204 అని పడింది. ఫోన్ నంబరు అదే ఫ్లాటులో ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకునే నవనీతగారిది. లచ్చమ్మ పని చేసేది ఆవిడ ఇంట్లోనే. రాజయ్య పై అంతస్తులో వంటింటి గట్లు కోస్తున్నాడు.

కాల్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. దగ్గు తగ్గిందా అని అడిగారు.

"తగ్గలేదండీ," నవనీతగారు చెప్పారు. "నాకు కింద వరకూ వినపడుతోంది. మీటింగులో క్లయింట్లు కూడా అడుగుతున్నారు."

టికెట్ నిలబడింది. తర్వాతి మంగళవారం విజిటర్ పార్కింగ్‌లో రాజయ్యకు ఎక్స్‌రే తీశారు. దాన్ని డాక్టరుకు చూపించి మందు రాయించుకోవాలని చెప్పి ఫిల్ము కవర్లో పెట్టి ఇచ్చారు.

సంగతి గేటు దాకా పాకింది. వాచ్‌మెన్లు, డ్రైవర్లు, వంటవాళ్లు, తోటపని వాళ్లు అందరూ బ్లాకు, ఫ్లాటు నంబర్లతో టికెట్లు పెట్టారు. నెలాఖరుకు మ్యాపులో మేఘవీణ గాయం రంగుకు తిరిగింది. జిల్లాలో రక్తహీనత ఎక్కువున్న ప్రాంతంగా పేపర్లో పేరొచ్చింది. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము ఉన్నవాళ్లు, క్షయ అనుమానం ఉన్నవాళ్లు కూడా అక్కడే ఎక్కువని రాశారు. మియాపూర్ నుంచి ఫ్లాటు చూడ్డానికి వచ్చిన ఒక కుటుంబం లిఫ్టులో ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుంది.

మరుసటి రోజే అసోసియేషన్ ప్రెసిడెంటు లక్ష్మీనారాయణ సురేంద్రగారి గదికి వచ్చాడు. ఆ ఫ్లాట్లు కట్టి అమ్మేది ఆయనే. రజిత ట్యాబ్ పట్టుకుని పక్కన నిలబడి ఉంది.

"ఏంది సార్ ఇది? మాకు యాడుంది సార్ రక్తం తక్కువ? మావోళ్లకుండేదంతా కొవ్వు. కావాలంటే రిపోర్టులు తెచ్చి చూపిస్తా."

"డేటా అబద్ధం చెప్పదండీ."

"అది పనోళ్ల డేటా సార్."

"వాళ్లు పగలంతా ఎక్కడుంటారు?"

"మా కాడనే."

"మరి జబ్బు ఎక్కడున్నట్టు?"

లక్ష్మీనారాయణ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "సార్, బస్తీలోనే మేమొక దవాఖాన కట్టిస్తే? జబ్బులన్నీ ఆ అడ్రసుకు పోతాయి గదా?"

సురేంద్రగారు కుర్చీలోంచి లేచి ఆయన చెయ్యి పట్టుకున్నారు. "మైగ్రేషన్" అన్నారు.

నీలిగుట్టలో దవాఖాన త్వరగానే లేచింది. గాజు తలుపులు, ఏసీ, టోకెన్ మిషన్, టోకెన్ నంబరు చూపించే బోర్డు. మేఘవీణ టికెట్లన్నీ అక్కడికి మార్చారు. దవాఖాన ఉన్న చోట అవసరం తీరినట్టే కాబట్టి, రిబ్బన్ తెగగానే అవన్నీ వాటంతటవే క్లోజ్ అయ్యేలా సురేంద్రగారు ఏర్పాటు చేశారు. మంత్రిగారు కత్తెర పెట్టారు. గోడ మీది తెరలో నీలిగుట్ట, మేఘవీణ ఒకే పచ్చరంగుకు వచ్చాయి. గడువుకు ఇంకా రెండు రోజులున్నాయి.

"చూశారుగా," అన్నారు మంత్రిగారు. "ఎక్కడా తేడా లేదు."

తెల్లకోటు వేసుకున్న డాక్టరు మంత్రిగారికి బీపీ చూశారు. ఫోటో తీశారు. డాక్టరు మంత్రిగారి కాన్వాయ్‌లోనే తిరిగి వెళ్లారు. అవసరం తీరింది కాబట్టి వ్యానును వేరే జిల్లాకు పంపారు.

మర్నాడు పొద్దున్నే రజిత దవాఖాన తెరవగానే రాజయ్య, లచ్చమ్మ ఎక్స్‌రే కవరు పట్టుకుని వచ్చారు. మిషన్ రాజయ్యకు ఒకటో నంబరు ఇచ్చింది. బోర్డు మీద ఒకటి వెలిగింది. లోపల డాక్టరు కుర్చీ ఖాళీగా ఉంది. పదింటికి సురేంద్రగారు వీడియో తీసేవాళ్లతో వచ్చారు. ఆయన గుమ్మంలో ఉండగానే రాజయ్యకు దగ్గు అందుకుంది. కుర్చీ చెయ్యి పట్టుకుని వంగిపోయాడు. వీడియో తీసేవాళ్లు ఆగారు.

"చూడుండ్రి సార్, వచ్చింది!" లచ్చమ్మ అరిచింది. "గిదే అసలుది!"

సురేంద్రగారు దగ్గు ఆగేదాకా నిలబడి విన్నారు. "అవును," ఒప్పుకున్నారు. "రీప్రొడ్యూస్ అయింది."

"మరి చూడుండ్రి."

"టికెట్ నిన్న క్లోజ్ అయింది కదమ్మా."

"సార్, డాక్టర్ సాబ్ లేడని కొత్త టికెట్ పెట్టాల్నా?" రజిత అడిగింది.

"తప్పకుండా పెట్టు. ప్రజలు అడగాలి."

రజిత పెట్టింది. సురేంద్రగారు వెళ్లిపోయాక జవాబు వచ్చింది. ప్రారంభోత్సవం రోజున డాక్టరు ఉన్నారు, ఫోటో జతచేశాం, ఇష్యూ నాట్ రీప్రొడ్యూసిబుల్.

సాయంత్రం ఐదింటికి రజిత ఏసీ ఆపి, గాజు తలుపుకు తాళం వేసింది. బోర్డు మీద ఒకటో నంబరు వెలుగుతోంది.