లిఫ్టులో బాబాయి, పుస్తకంలో కామెంట్లు

ఆ రోజు పొద్దున అనుకున్న పని చాలా చిన్నది. పుస్తకం అచ్చు తీయాలి, ఇంకా తెరవని ఆసుపత్రి భవనానికి పట్టుకెళ్ళాలి, అక్కడి ఇంజినీరు చేత సంతకం పెట్టించుకోవాలి. సంతకం పడితే ఆ భవనంలోని లిఫ్టులన్నీ బాబాయి కంపెనీ ప్రోగ్రాంతో నడుస్తాయి. పడకపోతే కంపెనీ మూసుకోవడమే. కంపెనీ అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. టైలరు షాపు మీద రెండు గదులు, బాబాయి, ఆయన దగ్గర ప్రోగ్రాం రాసే అన్నగారి అమ్మాయి. అంతే.

అమ్మాయి ప్రోగ్రాం రాసే పద్ధతి వేరు. ఏం చేయబోతోందో మామూలు మాటల్లో వ్యాసంలా రాసుకుంటూ పోతుంది, మధ్యమధ్యలో కోడు ముక్కలు పెడుతుంది. ఒక సాఫ్ట్‌వేరు ఆ ఒక్క ఫైలులోంచే యంత్రానికి కోడు, మనుషులకు పుస్తకం విడివిడిగా తీసిస్తుంది. కోడు పక్కన ఆమె తనకోసం గిలుక్కున్న కామెంట్లు మాత్రం మామూలుగా ఆ పుస్తకంలోకి రావు. యంత్రం వాటిని ఎలాగూ పట్టించుకోదు. ఎవరూ చదవరన్న ధీమాతో మనుషులు ఏం రాస్తారో అమ్మాయీ అదే రాసింది.

పాత పుస్తకాన్ని ఇంజినీరు తిప్పి పంపాడు. "కోడుంది, కారణాల్లేవు. కామెంట్లు కూడా ఉంటేనే సంతకం" అన్నాడట. ఆ కబురు బాబాయి చెవిన పడింది. అమ్మాయిని ఎందుకు ఇబ్బంది పెట్టడమని, ఆమెకంటే ముందే ఆఫీసుకొచ్చి ఆ సాఫ్ట్‌వేరు తెరిచాడు. 'కామెంట్లు ఉంచాలా?' అని అది అడిగితే, 'ఉంచు' అని నొక్కి, వచ్చిన పుస్తకాన్ని చంకన పెట్టుకుని విజయోత్సాహంతో బయల్దేరాడు.

అమ్మాయి వచ్చేసరికి ప్రింటరులో ఒక కాగితం మిగిలి ఉంది. తీసి చదివింది. 'నాలుగో అంతస్తు దగ్గర ఎటు వెళ్ళాలో తేల్చుకోలేక ఊగుతుంది. అచ్చం మా బాబాయే.'

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇది చిన్నది! పుస్తకం లోపల దీని తాతలున్నాయి. చదువయ్యాక ఎవరూ పనివ్వనప్పుడు పిలిచి కుర్చీ వేసిన మనిషి ఆయన. కంపెనీ ఏమైతే అయింది, ఇవి చదివాక ఆయన తన మొహం చూస్తాడా?

బాబాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆసుపత్రి రిసెప్షన్‌కి చేసింది.

"లిఫ్టు పుస్తకం ఇంజినీరుగారి చేతికి ఇవ్వనివ్వకండి. అందులో తప్పులున్నాయి!"

రిసెప్షనిస్టు మంచి మనిషి, ఆపైన కంగారు మనిషి. ఇంజినీరు దగ్గరికి పరిగెత్తి, "లిఫ్టులో తప్పులున్నాయట సార్, కంపెనీవాళ్ళే చెప్తున్నారు" అంది. ఇంజినీరు క్షణం ఆలోచించకుండా గోడకున్న తాళం తిప్పి, పరీక్ష కోసం ఆ ప్రోగ్రాంతోనే నడుస్తున్న లిఫ్టుని ఆపేశాడు. అది మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య నిలబడిపోయింది. లోపల బాబాయి. ఆయన చేతిలో పుస్తకం.

అమ్మాయి రొప్పుతూ వచ్చేసరికి ఇంజినీరు తాళాన్ని అటూ ఇటూ తిప్పి చెమటలు కక్కుతున్నాడు.

"ఆపడం తేలిగ్గానే ఆగిందమ్మా. మళ్ళీ కదలదే!"

దీనికి ఏదో మెలిక పెట్టానని ఆమెకు తెలుసు. ఆ మెలికేమిటో గుర్తు రాలేదు. ల్యాప్‌టాప్ ఆఫీసులోనే వదిలేసి వచ్చింది. తను రాసిందే, తన చేత్తోనే రాసింది. ఎవరో పరాయివాళ్ళు రాసినట్టుంది. చచ్చినట్టు లిఫ్టు మైకు నొక్కింది.

"బాబాయ్, పుస్తకం చూస్తున్నారా?"

"ఇక్కడ ఇంకేం చెయ్యనే? చదువుతున్నా" అంది లోపలి గొంతు. అందులో కోపం లేదు. అందుకే ఆమెకు భయం వేసింది. "నాలుగో అంతస్తు దగ్గర నేను ఊగుతానటగా?"

"క్షమించండి బాబాయ్. 'మధ్యలో ఆపితే' అన్న భాగం తీయండి. అక్కడి కామెంటు చదవండి." ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "గట్టిగా చదవాలి."

"'ఇది బాబాయి చెప్పిన పద్ధతి. పని చేయదు.'" ఇంజినీరు పైకప్పు వంక చూశాడు. "'ఆయన నొచ్చుకుంటారని తీసేయలేదు, పక్కనుంచి వేరే దారి పెట్టాను. తాళంతో ఆపితే మాత్రం, పై అంతస్తు బటన్ నొక్కి పట్టుకుని అప్పుడు తాళం తిప్పాలి. లేకపోతే లిఫ్టు ఆయన పద్ధతిలోకి పోయి అక్కడే ఉండిపోతుంది.'"

"అంటే నన్ను ఇరికించింది నా పద్ధతేనా?"

"అవును బాబాయ్."

ఇంజినీరు బటన్ పట్టుకుని తాళం తిప్పాడు. లిఫ్టు మెల్లగా దిగి తలుపు తెరిచింది. బాబాయి బయటికొచ్చి ఎవరి మొహమూ చూడకుండా పుస్తకం అందించాడు. ఇంజినీరు అక్కడే నిలబడి పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగి పైకే చదివాడు.

"'ఈ బజరు ఇంజినీరుగారి కోసం. ఎప్పుడూ వాడరు. తీసేస్తే అడుగుతారు.'"

అమ్మాయికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"నిజమే, అడుగుతాను" అని ఆయన సంతకం పెట్టేశాడు. "ఏం చేశారో అందరూ రాస్తారు. ఎందుకు చేశారో రాసినవాళ్ళని ఇప్పుడే చూశాను. ఈ కామెంట్లలో ఒక్కటి తీసినా ఊరుకోను."

తిరుగు దారిలో బాబాయి ముందు ముందు నడిచాడు. అమ్మాయి ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఊరుకో. ఆఫీసుకెళ్ళగానే ఆ పద్ధతి పీకెయ్. పని చెయ్యని కోడు ఎందుకు?"

"కామెంటు కూడా తీసేస్తాను బాబాయ్. ఇంజినీరుగారికి నేను చెప్పుకుంటాను."

"దాని జోలికెళ్తే ఊరుకోను! నేను నొచ్చుకుంటానేమోనని ఒకరు ఆలోచించినట్టు అచ్చులో ఉంది. ఇంటికెళ్ళి మీ పిన్నికి చూపించాలి."

అమ్మాయి కోడు తీసేసింది, కామెంటు ఉంచింది. ఆ కామెంటును లిఫ్టు ఎప్పటిలాగే పట్టించుకోలేదు.