ద్వారక సెక్టారు పన్నెండున హుంకార సంహారము

జ్యేష్ఠమాస ప్రచండ మార్తాండుడు ఎడారి దిక్కు నుండి వీచు వడగాలిని రథాశ్వముగా గావించుకొని, ఢిల్లీ మహానగర నైరుతి దిగ్భాగమున వెలసిన ద్వారకా ఉపనగరముపై దండెత్తి, అచటి బహుళాంతస్తు సౌధముల బాల్కనీలలో ఆరవేసిన వస్త్రములను పది నిమిషములలో అప్పడములుగా మార్చుచున్న ఒకానొక ఆదివారము, ఉదయము పది గంటల వేళ, సెక్టారు పన్నెండులోని ఒక సొసైటీ నాలుగవ అంతస్తున ఒక మహాయుద్ధము ఆరంభమయ్యెను. దానిని చెప్పెదను. ఫోన్లు పక్కనబెట్టి వినుడు. ఇందు రక్తపాతము లేదు. ప్రాణసంకటము మాత్రము కలదు.

ఆ నాలుగవ అంతస్తు ఫ్లాటుకు అధీశ్వరి కమలాకుమారి. వయస్సు ఏబదినాలుగు. జన్మస్థలము రాజమండ్రి. కేంద్ర ప్రభుత్వ కార్యాలయమున ముప్పది సంవత్సరములుగా దస్త్రములను ఒక బల్ల మీదినుండి మరియొక బల్ల మీదికి సురక్షితముగా దాటించుచు, ఒక్క కాగితమును పోగొట్టని ధీరోదాత్త. అట్టి ఆమె రెండేండ్ల క్రితము ఎవరును అడుగకుండగనే, ఎవరికిని చెప్పకుండగనే, ఒక ఎలక్ట్రిక్ గిటారు తెచ్చి హాలులో గోడకు చేరవేసెను. "ఎవరికిది?" అని భర్త అడుగగా, "నాకే" అని చెప్పి వంటింటిలోనికి పోయెను. ఆ రెండక్షరముల మాట అనుటకు ఆమెకు ఏబదిరెండేండ్లు పట్టెను.

గిటారు వెంట ఆంప్లిఫయరు వచ్చెను. అది ఈ కాలపు చేతిసంచీ పరిమాణపు పరికరము కాదు. పాతకాలపు రేడియోలలో వలె గాజు వాల్వులు ఎర్రగా వెలుగుచుండ, ఇద్దరు పట్టినగాని కదలని గజకాయము. దాని ముఖమున రివర్బు అను మీట ఒకటి కలదు. ఆ మీటను త్రిప్పినచో, మీటిన స్వరము వెంటనే చచ్చిపోక, పెద్ద మందిరములో పలికినట్లు కొంతదూరము నడచిపోయి మెల్లగా కనుమరుగగును. కమలాకుమారి గిటారుపై మనసు పడినది అందుకొరకే.

శత్రువు కాపురమున్నది కూడ అందులోనే. గత మాసము సొసైటీ హాలులో, ముప్పది కుటుంబముల సమక్షమున, జన్మలో మొదటిసారి వేదికనెక్కిన కమలాకుమారి ఆ మీటను మూడవ అంకె దాటించెనో లేదో, "ఘ్మ్‌మ్‌మ్" అని కోటి తుమ్మెదలు ఒక్క పెట్టున పూనకము పొందినట్లు భయంకర హుంకారము పుట్టి, కిటికీల అద్దములను కంపింపజేసి, పసిపిల్లలను ఏడిపించెను. చౌకీదారు వైరింగు కాలుచున్నదని తలచి మెయిన్ స్విచ్చి ఆర్పివేసెను. దీపములు మరల వచ్చినవి గాని ఆమె వంతు మరల రాలేదు. తంబోలా అను అంకెల ఆట మొదలైపోయెను.

సొసైటీ సెక్రటరీ భల్లాగారు న్యాయశీలి. నిన్న లిఫ్టులో కనబడి, "కమలా జీ, కల్ ఆప్‌కో పాంచ్ మినట్ దేతా హూఁ. లేకిన్ వో మధుమక్ఖీ వాలీ ఆవాజ్ నహీఁ ఆనీ చాహియే" అనెను. అనగా, ఐదు నిమిషములు వరముగా ఇచ్చి, ఆ తేనెటీగల చప్పుడు మాత్రము రారాదని శాసించెను. ముహూర్తము నేటి సాయంకాలము ఆరు గంటలు. ఈసారి కూడ అది మ్రోగినచో ఇక గిటారును ముట్టనని కమలాకుమారి తీర్మానించుకొనెను. ఆ తీర్మానమును ఎవరికిని చెప్పలేదు గనుక వలదనువారును లేకపోయిరి.

అంతట ఆ వీరనారి చీర చెంగు నడుమున బిగించి, గజకాయము ఎదుట నేలపై కూర్చుండి, మనసులో ఇట్లు గర్జించెను: "ఓరీ అదృశ్యదేహా, కర్ణశూలమా, తుచ్ఛ హుంకారమా! ముప్పదియేండ్లు మొదట బస్సులలోను పిదప మెట్రోలోను నిలువుకాళ్లపై ప్రయాణించి, శీతకాలపు పొగను వేసవి మంటను సమభావమున మ్రింగి, తొమ్మిదిమంది డైరెక్టర్ల కోపతాపములను చిరునవ్వుతో చల్లార్చిన ఈ కమలాకుమారి, ఒక చెక్కపెట్టెలో దాగి గుర్రుమను నిన్ను చూచి వెన్ను చూపునని తలచితివా? సూర్యుడు ఎదుటి టవరు వెనుకకు దిగకమునుపే నీ కంఠము నులిమెదను!"

పైకి మాత్రము, "ఏవండీ, స్టార్ స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టారు?" అని అడిగెను.

భర్త నాగభూషణము మరియొక మంత్రిత్వశాఖలో అండర్ సెక్రటరీ. ఏ సమస్యనైనను అది లేనట్లు వ్రాసి ముగింపగల లేఖినీ ధురంధరుడు. అతడు వార్తాపత్రిక దించకయే, "దాన్ని విప్పడం ఎందుకు కమలా? ఆ మీట సున్నాలో పెట్టేస్తే చప్పుడే రాదుగా. మేటర్ క్లోజ్" అనెను.

"సున్నాలో పెడితే పాట ఎండిపోయిన బ్రెడ్డు ముక్కలా ఉంటుందండీ."

"జనం అదే తింటున్నారు కదా."

ఆమె సొరుగు లాగెను. స్క్రూడ్రైవరు ఆమె చేతికి వచ్చెను.

మొదటి అనుమానము గృహమునందలి విద్యుత్పరికర సమూహముపై పడెను. ఫ్రిజ్జు, ఏసీ, ఫ్యాన్లు, ఇన్వర్టరు, ఫోను చార్జర్లు ఒక్కొక్కటిగా నిరాయుధములై మూగబోయినవి. నలుబదినాలుగు డిగ్రీల అగ్నికుండమున ఫ్లాటు మునిగెను. గురుగ్రామములో ఉద్యోగము చేయు కుమార్తె వర్షిణి చెమటతో తడిసి తన గది నుండి బయటపడి, "మమ్మీ, ఏసీ క్యోఁ బంద్ హై?" అనెను.

"పది నిమిషాలు ఓర్చుకోమ్మా. ఫ్రిజ్ మీద అనుమానంగా ఉంది."

"ఫ్రిజ్ నే క్యా కియా?"

ఫ్రిజ్జు ఏమియు చేయలేదు. సమస్త పరికరములును నిర్దోషులని తేలెను. హుంకారము మాత్రము ఇసుమంతయు తగ్గక, నిశ్శబ్దమైన ఇంట మరింత విజృంభించెను.

అప్పుడు కమలాకుమారి ఫరీదాబాద్‌లో పాత రేడియోలకు ప్రాణదానము చేయు సందీప్ అను శబ్దవైద్యునికి ఫోను చేసెను. అతడు ఆదివారమని విసుగుకొనక, రోగి నాడిని ఫోనులోనే పట్టెను.

"దీదీ, రివర్బ్ జీరో కరో. ఆవాజ్ గయీ?"

"గయీ భయ్యా." మీట సున్నాకు రాగానే చప్పుడు పోయెను.

"తో దుశ్మన్ ఉసీ గలీ మేఁ హై."

శత్రువు ఆ సందులోనే ఉన్నాడని నిర్ధారణయయ్యెను. పిమ్మట అతడు స్వరము తగ్గించి, పైనున్న ఇనుప డబ్బాను మాత్రము తెరువవద్దనియు, స్విచ్చి ఆర్పినను అందు ప్రాణాంతక విద్యుత్తు నిలిచియుండుననియు రెండుమార్లు హెచ్చరించెను. పెట్టె అడుగున పొడవాటి రేకుడబ్బా ఒకటి ఉండును. ప్రతిధ్వనిని పుట్టించు స్ప్రింగులు దానిలోనివే. దానికి రెండు తీగలు. స్వరము లోనికి పోవునది ఒకటి, బయటికి వచ్చునది మరొకటి. ఆ రెండవదానిని ఊడబెరికి చూడుమనెను.

ఆమె ఊడబెరికెను. హుంకారము కత్తితో కోసినట్లు ఆగెను. మరల తగిలించెను. మరల మ్రోగెను.

"బస్," అనెను సందీప్. "వో డబ్బా ఖోల్ కే హాత్ మేఁ లో, ఇధర్ ఉధర్ ఘుమాకే దేఖో." అనగా, డబ్బాను విప్పి చేతబట్టి అటునిటు త్రిప్పి చూడుమనెను.

నాలుగు స్క్రూలు నాలుగు ద్వారపాలకుల వలె ఎదిరించినవి. ఎవరో అమానుష బలముతో బిగించియుండిరి. భుజబలమంతయు వెచ్చించి వానిని కూల్చి, తీగలతోసహా రేకుడబ్బాను వెలికిదీయుచుండగా, అది పెట్టె అంచునకు తగిలెను. తగిలినంతనే స్ప్రింగులన్నియు ఒక్కసారి కదలి, ఆకాశము పగిలి ద్వారకపై పడినట్లు స్పీకరు నుండి "ఢభాం" అని పిడుగు వెడలెను. క్రింది అంతస్తు నుండి ఎవరో బాల్కనీలోనికి వచ్చి మబ్బులకొరకు వెదకిరి. వర్షిణి రెండు చెవులు మూసికొని తల్లి ప్రక్కన కూర్చుండెను. ఆనాడు ఆమె మరల తన గదిలోనికి పోలేదు.

ఇక సంశయచ్ఛేదన ఘట్టము. డబ్బాను చేతులలో పట్టి కమలాకుమారి మెల్లమెల్లగా త్రిప్పెను. పెట్టె కుడిమూలన ఇనుపముద్ద వలె కూర్చున్న ట్రాన్స్‌ఫార్మరు వైపు డబ్బా ఒక కొసను చూపగా హుంకారము రంకెవేసెను. ఆ కొసను ఎడమకు మళ్లింపగా మూలిగెను. పూర్తిగా తలక్రిందులు చేయగా శ్వాస విడిచి నిద్రించెను. ట్రాన్స్‌ఫార్మరు నుండి అనుక్షణము వెడలు అయస్కాంత ప్రభావమును ఆ కొసనున్న సున్నితమైన తీగచుట్ట వినుచుండెను. అంతకుమించి రాక్షసుడెవ్వడును లేడు. డబ్బాను ఎవరో వెనుకముందులుగా బిగించిరి.

"ఎవరు చేసుంటారు ఇలా?" అనెను కమలాకుమారి.

వార్తాపత్రిక మెల్లగా దిగెను. పిదప పత్రిక మడతపడెను.

"పోయిన నెల హాలుకి మోసుకెళ్లే ముందు దుమ్ము దులిపినప్పుడు," అనెను నాగభూషణము, "దాని మీద లేబుల్ తలకిందులుగా ఉంది. చదవడానికి వీల్లేకుండా. అందుకని తిప్పి పెట్టాను."

"పెట్టె అడుగున ఉన్న లేబుల్ ఎవరు చదువుతారండీ?"

"ఎవరూ చదవరు. ఫైల్ మీద పేరు తలకిందులుగా ఉంటే నాకు నిద్ర పట్టదు, నీకు తెలుసుగా."

కమలాకుమారి భర్తను చూచెను. గత మాసము చీకటి హాలులో ఒంటరిగా నిలిచిన ఆ రెండు నిమిషములు ఆమె కన్నులలో ఒకసారి మెరిసి పోయినవి. "ఆ రోజు నేనెంత ఏడ్చానో తెలుసా మీకు?" అని మాత్రము అనెను.

"తెలుసు," అనెను అతడు. "కరెంటు సరిగ్గా లేదనుకున్నాను. భల్లాకి రెండు కంప్లయింట్లు కూడా రాశాను."

ఆ మాట ఆమెకు అంతవరకును తెలియదు. స్క్రూడ్రైవరు బిగించిన పిడికిలి కొంచెము సడలెను.

డబ్బా సరియైన దిక్కునకు మరలెను, స్క్రూలు బిగిసినవి. హుంకారము హతమయ్యెను. సంబరపడి ఆమె శబ్దమును పెంచెను. అంతట రెండవ శత్రువు లేచెను. స్పీకరు అదురుటచే పెట్టె అదిరి, పెట్టె అదురుటచే స్ప్రింగులు అదిరి, ఆ అదురు మరల స్పీకరులోనికే పోయి, చక్రవ్యూహముగా తిరిగి తిరిగి పెరిగి, "ఊఁఊఁ" అని నక్కల గుంపు వంటి ఊళ పుట్టెను. మరల ఫరీదాబాద్ పలికెను: డబ్బా క్రింద మెత్తని రబ్బరు ఏదైనను వేసి, స్క్రూలను వదులుగా బిగింపవలెను.

అప్పటికి మధ్యాహ్నము నాలుగు. దుకాణములు వెదకు వ్యవధి లేదు. ఇంట రబ్బరుకై అన్వేషణ సాగెను. కుక్కరు గ్యాస్కెట్టు గట్టిదని త్రోసివేసిరి. వర్షిణి ఎరేజరు తెచ్చెను, అది విరిగెను. అప్పుడు నాగభూషణము లేచి, పదకొండు సంవత్సరములుగా తన పాదాకృతినే దాల్చిన నీలివర్ణపు హవాయి చెప్పును, పార్లమెంటు సమావేశముల నడిరాత్రుల పిదప ఇంటికి వచ్చి తొడిగినంతనే స్వర్గసుఖమిచ్చిన దానిని, భార్య ఎదుట ఉంచెను.

"కొయ్యి," అనెను.

"రెండోదాన్ని ఏం చేసుకుంటారు?"

"ఊళ మళ్లీ వస్తే దాన్నీ కొయ్యి."

వంటింటి కత్తెర పైకి లేచెను. నాలుగు చదరపు ముక్కలు రాలెను. అవి రేకుడబ్బా నాలుగు మూలల క్రింద నాలుగు దిగ్గజముల వలె నిలిచి, భూకంపములన్నిటిని తమలోనే అణచుకొనెను. శబ్దపు మీట ఏడు దాటినను నక్క కూయలేదు.

ఆరు గంటలకు సొసైటీ హాలు. తండ్రీకూతుళ్లు చెరియొక పిడి పట్టి గజకాయమును వేదికపైకి చేర్చిరి. భల్లాగారు మెయిన్ స్విచ్చి ప్రక్కన, పొరుగుదేశపు సైన్యమును కనిపెట్టు సరిహద్దు సేనాని వలె, చేయి చాపి నిలిచెను. కమలాకుమారి రివర్బు మీటను పట్టెను. రెండు. మూడు. తల్లులు పసిపిల్లల చెవులు మూసిరి. నాలుగు. ఐదు.

ఏమియు లేదు. వెనుక వరుసలో ఎవరో సమోసా కొరికిన చప్పుడు వేదిక వరకు వినవచ్చెను.

భల్లాగారు చాలాసేపు చూచి, "కమలా జీ, అబ్ చాలూ కీజియే" అని, ఇక ఆన్ చేయుమనెను.

"చాలూ హై, భాయీ సాబ్." అది ఆన్‌లోనే ఉండెను.

ఆయన చేయి మెల్లగా స్విచ్చి మీదినుండి దిగెను.

ఆమె వాయించెను. తానే కట్టుకొన్న చిన్న పాట. మొదటి పంక్తి నడచెను, రెండవది నడచెను. మూడవ పంక్తి కొసన ఉంగరపు వ్రేలు జారి, ఎక్కడను ఉండగూడని స్వరము ఒకటి వెలువడి, పాలరాతి మండపములో దీపము పట్టుకొని నడచునట్లు, హాలు ఈ చివరినుండి ఆ చివరివరకు నింపాదిగా నడచిపోయెను. మచ్చలేని నిశ్శబ్దములో అది ముప్పది కుటుంబములకును స్పష్టముగా వినబడెను. వర్షిణి నవ్వెను. కమలాకుమారి కూడ నవ్వెను. కరెంటు తప్పు కాదు, తీగల తప్పు కాదు, మొగుడి తప్పు కాదు, అచ్చముగా తన తప్పు. ఆగకుండ నాలుగవ పంక్తికి పోయెను.

కావున సకల నివాసులకును తెలియజేయడమైనది: ద్వారక సెక్టారు పన్నెండునందు, ఈ ఆదివారము సాయంకాలము ఆరు గంటల ఎనిమిది నిమిషములకు, ఒక్క తప్పు స్వరము, ఎట్టి గుర్రునకును లోబడక, సంపూర్ణ ప్రతిధ్వని సహితముగా, దిగ్విజయము గావించెను.